పసుపు కుంకుమ కింద ఇరవై జీబీ

మా తమ్ముడు కరుణాకర్ మస్కట్ నుంచి ఏది తెచ్చినా అందులో ఏదో ఒకటి తక్కువ ఉంటుంది. ఒకసారి మిక్సీ తెచ్చాడు, దాని ప్లగ్గు మన గోడకు పట్టలేదు. ఇంకోసారి అవ్వకు దుప్పటి తెచ్చాడు, కాళ్ళకు కప్పితే మెడ దాకా రాదు. మొన్న ఎండాకాలం సెలవుకు వచ్చినప్పుడు, పిల్లలు ఆడుకోవడానికని టీవీకి తగిలించే వీడియో గేమ్ డబ్బా ఒకటి తెచ్చాడు. దానికి తక్కువైంది జాగ.

జాగ అంటే ఆటలు పెట్టుకునే జాగ. అదే కంపెనీలో పెద్ద రకం డబ్బా ఒకటి ఉందట. దానికి డిస్కు మింగే నోరుంది, లోపల కావలసినంత కడుపుంది. మావాడు తెచ్చింది సస్తా రకం. దానికి నోరూ లేదు, కడుపూ లేదు. ఆట కావాలంటే నెట్‌లోంచి దించుకోవాలి, దించుకున్నదాన్ని పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. "దుకాణపాయన రెండు ఒక్కటే అన్నడక్కా. బొమ్మ గంతే మంచిగ వస్తదట, ఆట గంతే మంచిగ నడుస్తదట. ఇగ ఎక్కువ పెట్టుడెందుకు?" అన్నాడు నాతో, ఏదో గొప్ప తెలివైన పని చేసినట్టు. మూడు ఆటల తరువాత ఏమవుతుందో అమ్మేవాడు చెప్పలేదు, కొనేవాడు అడగలేదు.

ఆ కంపెనీల వాళ్ళ తీరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్కో ఆటను వంద, నూటయాభై జీబీలకు బలిసేలా తయారుచేసేది వాళ్ళే. మూడు ఆటలకే నిండిపోయే డబ్బా అమ్మేదీ వాళ్ళే. ఇంకా జాగ కావాలంటే కార్డు విడిగా కొనుక్కోవాలట. దాని ధర విన్నాక మా అన్న కొడుకు సాగర్ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తక్కువ సంపాదన ఉన్నవాళ్ళకు తక్కువ జాగ చాలని ఎవరో ఏసీ గదిలో కూర్చుని తీర్మానించి ఉంటారు. తక్కువ జాగలో ఎక్కువ మందిమి ఉండేది మేమేనని వాళ్ళకు ఎవరు చెప్తారు?

నా పేరు నవత. నస్పూర్‌లో ఉంటాను, మా ఆయనది బొగ్గుబాయిలో పని. అవ్వకు కంటి ఆపరేషన్ అయిందంటే, చుక్కల మందు వేసే దిక్కు లేదని తెలుసు కనుక, పది రోజులుందామని కరీంనగర్ అవతల ఉన్న మా పుట్టింటికి వచ్చాను. మా బాపు బుచ్చిరాములు పోయాక అన్నదమ్ములిద్దరూ పొలం పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు, ఇంటి నడుమ గోడ పెట్టుకున్నారు. అవ్వ గది ఒక్కటే ఎవరి వాటాలోకీ రాకుండా మిగిలింది, అవ్వలాగే. ఆటల డబ్బా కూడా ఆ గదిలోకే చేరింది. ఎటువైపు పెట్టినా రెండోవైపు వాళ్ళు మొహం మాడ్చుకుంటారని తమ్ముడు చేసిన ఏర్పాటు అది.

మా అన్న సదానందానికి ఇద్దరు కొడుకులు, సాగర్, లక్ష్మణ్. తమ్ముడికి ఒక్కతే బిడ్డ, సృజన. సాగర్ డిగ్రీ అయిపోయి, ఏదో పరీక్షకు చదువుతున్నానని చెప్పి, డబ్బాలో యుద్ధం చేస్తుంటాడు. లక్ష్మణ్ కార్లు తోలుతుంటాడు, వాకిట్లో ఉన్న బండిలో పెట్రోలు మాత్రం వాళ్ళ బాపు పోయించాలి. బయట పత్తి విచ్చి తెల్లగా నేల రాలుతుంటే వీళ్ళిద్దరూ చీకటి చేసిన గదిలో, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని పడుకున్న ముసలిదాని పక్కన, ఎవరినో కాలుస్తూ, ఎవరినో గుద్దుతూ ఉంటారు. "ఎవలు సచ్చిండ్రురా?" అని అవ్వ నిద్రలోంచి అడుగుతుంటుంది.

సృజన ఆడేది ఫుట్‌బాల్. కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదువుతుంది, రోజూ బస్సులో వెళ్ళి వస్తుంది. మా ఊళ్ళో ఆడపిల్ల మైదానంలోకి దిగి బంతిని తన్నడం ఇంతవరకూ జరగలేదు కనుక టీవీలోనే తన్నడం నేర్చుకుంది. ఎంత నేర్చుకుందంటే, కరీంనగర్‌లో అజీముద్దీన్ అనే అతను నడిపే గేమింగ్ సెంటర్‌లో పోటీలు పెడితే, కాలేజీ ఎగ్గొట్టి రెండు మధ్యాహ్నాలు ఆడి, మగపిల్లలందరినీ ఓడించి ఫైనల్ దాకా వచ్చింది. ఫైనల్ ఆదివారం. గెలిచినవాళ్ళను హైదరాబాద్‌లో ఒక జట్టులోకి తీసుకుంటారు, ఏడాదంతా తర్ఫీదు ఇస్తారు, ఊరూరా పంపి ఆడిస్తారు. నేను అవ్వ కళ్ళలో మందు వేస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పింది. "అత్తమ్మా, నాకు సదువు గంతంత మాత్రమే వస్తది. గీ ఒక్కటి మంచిగ వస్తది. గిదొక్కటే" అంది. ఆ పిల్ల అంత నమ్మకంగా ఒక మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.

డబ్బాలో యుద్ధం, కార్లు, ఫుట్‌బాల్ మూడూ ఉన్నన్ని రోజులు ఇల్లు బాగానే ఉంది. మూడింటికీ కలిపి డబ్బా అంచు దాకా నిండింది. అప్పుడు సాగర్‌కు కొత్త క్రికెట్ ఆట మీద మనసైంది. జాగ లేదని డబ్బా చెప్పింది. ఏదో ఒకటి తీసేయమని కూడా అదే చెప్పింది, అలాంటి పాడు సలహాలు మాత్రం అడగకుండానే ఇస్తుంది. సాగర్ తనది తీయలేదు, తమ్ముడిది తీయలేదు, చెల్లెలిది తీసేశాడు. ఆ పిల్ల సాయంత్రం బస్సు దిగి వచ్చి చూసుకుంటే ఆట లేదు. ఆమె క్రికెట్ తీసేసి ఫుట్‌బాల్ దించడం మొదలుపెట్టింది. మా ఊరి నెట్టుతో తొంబై జీబీ దిగాలంటే ఒక పగలూ ఒక రాత్రీ కావాలి. ఆమె కాలేజీకి పోగానే సాగర్ సగం దిగినదాన్ని తీసిపారేసి మళ్ళీ క్రికెట్ పెట్టుకున్నాడు. ఆ మరుసటి రోజు సృజన డబ్బా కరెంటు వైరు పీకి, కాలేజీ బ్యాగులో పెట్టుకుని కరీంనగర్ వెళ్ళిపోయింది.

ఇల్లు దద్దరిల్లింది. ఇరవై రెండేళ్ళ సాగర్ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. వదిన శోకం పెట్టినంత పని చేసింది. మా అన్న సదానందం పత్తి తూకానికి పోవాల్సినవాడు అది మానేసి, గోడకు ఇటువైపు వచ్చి, మా మరదలు రజితను వాకిట్లో నిలబెట్టి, "నీ బిడ్డకు గింత తెగింపు ఏడికెల్లి వచ్చింది?" అని అడిగాడు. రజిత తల వంచుకుని నిలబడింది. ఆమెకు ఆ ఇంట్లో తెలిసిన విద్య అదొక్కటే, అదీ మావాళ్ళు నేర్పిందే. చివరికి మా అన్న, "గిట్ల గాదు. రాయమల్లు కాకను పిలుస్త. పంచుకుంటె ఏ లొల్లి ఉండది" అని తేల్చేశాడు.

రాయమల్లు మా ఊరి పెద్దమనిషి. మా వైపు ఏ ఇల్లు రెండు కావాల్సి వచ్చినా ఆయన రావాల్సిందే. పంచడం బాగా తెలుసు, కలపడం ఎన్నడూ చూడలేదు. తమ్ముడికి మస్కట్‌లో సెలవు కనుక పంచాయితీ శుక్రవారం పెట్టారు. ఆటల డబ్బాకు పంచాయితీ ఏమిటని ఒక్కరికైనా సిగ్గు పుట్టలేదు. మా అన్న తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ అంగీ వేసుకుని మరీ కూర్చున్నాడు.

అందరూ అవ్వ గదిలో చేరారు. అవ్వ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఫోన్‌లో తమ్ముడు, చుక్కల మందు సీసాకు ఆనించి పెడితే, బనీను మీద కనిపిస్తున్నాడు. అతని వెనక గోడకు చిన్న ఫ్యాను తిరుగుతోంది. సృజన తలుపు దగ్గర బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుంది. రాయమల్లు కుర్చీలో కూర్చుని డబ్బా వైపు చూశాడు.

"గిదేనా? టిఫిన్ డబ్బ గింత ఉన్నది. దీనికి పంచాయితా?" అన్నాడు. మొదటిసారి ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"మొత్తం ఎంత ఉన్నది?" అని అడిగాడు.

"డబ్బ మీద అయిదు వందల పన్నెండు రాసిండ్రు తాతా. లోపల జూస్తె మూడు వందల అరవై" అన్నాడు సాగర్.

రాయమల్లు కుర్చీలో ముందుకు జరిగాడు. సంగతి ఆయనకు తెలిసిన చోటికి వచ్చింది. "అంటె రికార్డుల అయిదు వందల పన్నెండు, మోక మీద మూడు వందల అరవై. మరి మిగిలింది ఎవడు కబ్జ పెట్టిండు?"

"కబ్జ గాదు తాతా. సిస్టం తీస్కుంటది."

"సిస్టం అంటె ఎవడు?"

"ఎవడు గాదు. డబ్బ నడువాలంటె దానికి గూడ జర జాగ గావాలె."

"నడువనీకె తొవ్వ ఇడుస్తరు, నేను వద్దంటలేను. తొవ్వకు నూటయాభై పోతదా? గిది అందరికి పోతదా, మనకే పోయిందా?"

"అందరికి పోతది."

"అయితె కంపెనోడు దొంగ" అన్నాడు రాయమల్లు. ఆ ఒక్క మాటలో ఆయనకూ నాకూ పేచీ లేదు.

ఆ తరువాత ఆయన అన్నీ వరుసగా అడిగి తెలుసుకున్నాడు. ఏ ఆట ఎంత తింటుంది, పెట్టిన ఆట పెట్టినట్టే ఉంటుందా. ఉండదు, అప్‌డేట్లు వస్తాయి, ఆటలు పెరుగుతాయని లక్ష్మణ్ చెప్పాడు. రాయమల్లు తల పంకించి, "ఓ, గట్టు జరుపుకుంట వస్తరన్నట్టు" అన్నాడు. లక్ష్మణ్‌కు నవ్వాగలేదు. మా అన్న గుడ్లురిమి చూస్తే ఆపుకున్నాడు. మా అన్నకు ఇందులో నవ్వొచ్చేది ఏదీ కనిపించలేదు. హద్దులు అనే మాట వింటే చాలు, ఆయన గుడిలో ఉన్నట్టు ఉంటాడు.

"కరుణాకర్, ఇనబడుతున్నదా?" అని రాయమల్లు ఫోన్ వైపు వంగాడు. "తెచ్చినోనివి నువ్వు. ఎవలి పేరు మీద తెచ్చినవ్?"

"పిల్లలందరికి అని తెచ్చిన కాక."

"పిల్లలందరికి అంటె?"

తమ్ముడు ఏదో చెప్పబోయాడు. మా అన్న అడ్డం వచ్చాడు. "కాక, నేను జెప్త. తమ్మునికి కొడుకు లేకపాయె. రేప్పొద్దున వానికైనా నాకైనా ముందల నిప్పుకుండ వట్టేది నా కొడుకులే. ఇండ్ల పంచుడు ఏమున్నది? ఇద్దరు పోరగాళ్ళు, చెరి సగం."

తమ్ముడు ఫోన్‌లో నిక్షేపంగా బతికే ఉన్నాడు, బనీను మీద కూర్చుని వింటున్నాడు. మా అన్న ఒక ఆటల డబ్బా కోసం వాడిని పాడె ఎక్కించి, నిప్పుకుండ కూడా పట్టించేశాడు. గదిలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. తమ్ముడికి కూడా తోచినట్టు లేదు.

రాయమల్లు కాసేపు మీసం దువ్వుకున్నాడు. "నువ్వన్నది ఖాయిదనే. గని ఆడపిల్లను ఉత్త చేతులతోని పంపొద్దు సదానందం. మూడు వందల అరవైల, పసుపు కుంకుమ కింద ఒక ఇరవై పిల్లకు ఇడువుండ్రి. మిగిలింది మీ కొడుకులు చెరి సగం."

నాకు నవ్వు ఎంత గట్టిగా వచ్చిందంటే అవ్వ ఉలిక్కిపడి లేచింది. పసుపు కుంకుమ కింద ఇరవై జీబీ. మా ఇళ్ళలో ఆడపిల్లకు భూమిలో వాటా ఇవ్వకుండా, ఒక మూల చెక్కో ఒక చీరో చేతిలో పెట్టి దానికి పెట్టే పేరు అది. పొలానికి పెట్టారు, బంగారానికి పెట్టారు, ఇప్పుడు దీనికీ పెట్టారు. ఇంకా మిగిలింది ఏమైనా ఉంటే ఎక్కడుందో చూపించమని అడగాలనిపించింది.

"ఇరవైల నా ఆట పట్టది తాతా" అంది సృజన. "నాది తొంబై."

"మరి ఇరవైల ఏమొస్తది బిడ్డ?"

"క్యారంబోర్డు ఆట ఒస్తది."

"మంచిగనే ఉన్నది గద. ఆడపిల్లవు, ఇంట్ల కూసోని ఆడుకునేది."

మగపిల్లలు తమ యుద్ధాలకు సరిహద్దుకు పోయి వస్తున్నట్టు మాట్లాడాడు. నేను ఇక ఊరుకోలేకపోయాను. "కాక, ఆదివారం నాడు పిల్లకు పోటి ఉన్నది. ఇయ్యాల మొదలుపెడితెనే రేపు పొద్దుగూకేటాల్లకు ఆట దిగుతది. ఒక్క పూటన్న ఆడి సూసుకొని పోవాలె. గీ పోరగాళ్ళకు ఏ పోటి లేదు, ఏ పరీక్ష లేదు. మూడు రోజులు ఆగితె ఏం పోతది?"

"చెల్లె, నువ్వు నడుమ రాకు" అన్నాడు మా అన్న. "నువ్వు సుట్టపుదానివి. అవ్వను సూడ వచ్చినవ్, సూసుకొని పో."

నేను పుట్టింది ఆ గదిలో. ఇప్పుడు అవ్వ పడుకున్న మంచం పక్కనే. ఆ సంగతి ఆయనకు గుర్తుచేయడం కూడా దండగ అనిపించి ఫోన్ వైపు తిరిగాను. "తమ్మీ, నీ బిడ్డ. నువ్వు మాట్లాడు."

తమ్ముడు పెదవులు తడుపుకున్నాడు. "అన్న ఎట్లంటె అట్లనే అక్కా. నేను ఈడున్న, అన్ని సూసుకునేది అన్ననే గద." అంతలో అతని మొహం బిగుసుకుపోయింది. నోరు సగం తెరుచుకుని, కళ్ళు ఎటో చూస్తూ, కదలకుండా ఉండిపోయాడు.

"నెట్ ఆగినట్టున్నది" అన్నాడు మా అన్న, సంతోషంగా.

నెట్ ఆగితే అంతా ఆగాలి. వెనక గోడకు ఫ్యాను చక్కగా తిరుగుతూనే ఉంది. మా తమ్ముడు మస్కట్‌లో కూర్చుని, బిడ్డ మొహం చూడలేక, ఊపిరి బిగబట్టి బొమ్మలా నటిస్తున్నాడు. అంత పిరికివాడు నా తోడబుట్టినవాడైనందుకు నాకు సిగ్గేసింది.

రాయమల్లు గొంతు సవరించుకున్నాడు. గొంతులోకి తేనె తెచ్చుకున్నాడు. "బిడ్డా సృజన, ఇటు సూడు. రేపు నీ పెండ్లికి తలంబ్రాల కాడ నిలబడేది ఎవలు? గీ అన్నలు. నీకు కష్టమొస్తె ఉరికొచ్చేది ఎవలు? గీ అన్నలు. నువ్వు ఒక్క మాట జెప్పు, అందరం ఇంట. నీకు వాటా గావాల్నా, అన్నలు గావాల్నా?"

ఆ ప్రశ్న నాకు బాగా తెలుసు. బాపు పోయిన ఏడాది, పొలం పంచిన రోజు, ఇదే పెద్దమనిషి ఇదే గొంతుతో నన్ను అడిగాడు. కాలువ కింద నాలుగెకరాలు. నేను అప్పటికే నస్పూర్ కోడలిని, చంకలో పిల్లవాడు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. అన్నదమ్ములు గావాలె అన్నాను. అక్కడ ఇంకో జవాబు ఉన్నట్టు ఎవరి మొహంలోనూ కనబడలేదు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు, మా వదిన చీర తెచ్చి నా భుజం మీద వేసింది, బుచ్చిరాములు బిడ్డ అంటే గట్లుండాలె అని మెచ్చుకున్నారు. ఆ చీర రంగు మొదటి ఉతుకుకే దిగింది. అది ప్రశ్న కాదు. ఆడపిల్లను నోరు మూసుకోమని చెప్పడానికి మర్యాదగల మగవాళ్ళు కనిపెట్టుకున్న పద్ధతి.

గది అంతా సృజన వైపు చూసింది. సాగర్ అప్పుడే టీవీ రిమోట్ కోసం చెయ్యి చాపాడు.

"వాటా గావాలె" అంది సృజన.

రాయమల్లు ఆ పిల్లకు సరిగా వినబడలేదనుకున్నాడు. "బిడ్డా, నేను అడిగింది ఏందంటె, వాటా గావాల్నా, అన్నలు..."

"ఇనబడ్డది తాతా. వాటానే గావాలె." ఆమె గొంతు పెంచలేదు. "అన్నలు డిలీట్ చేస్తె పోయేటోళ్ళు గాదు గద. నేను వద్దన్నా ఉంటరు. గా జాగ పోతె మాత్రం మల్ల దొరకది."

లక్ష్మణ్ ఈసారి నవ్వు ఆపుకోలేదు. మా వదిన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చాయ్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గడపలో నిలబడ్డ రజిత, కదలకుండా, కూతురి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. రాయమల్లు మా అన్న వైపు, మా అన్న రాయమల్లు వైపు చూసుకున్నారు. ఇన్నేళ్ళ పెద్దరికంలో ఆయనకు ఈ జవాబు ఎదురైనట్టు లేదు. వందసార్లు తెరిచినట్టు నటించిన తలుపును ఒక పిల్ల నిజంగానే తోసుకుని వచ్చేసరికి పెద్దమనిషి బిత్తరపోయాడు.

"కాక, నువ్వు అడిగినవ్, పిల్ల జెప్పింది" అన్నాను. "ఇగ పంచు."

"గట్లెట్లయితది?" అన్నాడు మా అన్న. "తండ్రి ఒప్పుకోవాలె. తమ్ముడు లైన్ల లేడు."

నేను ఫోన్ చేతిలోకి తీసుకుని మొహం దగ్గర పెట్టుకున్నాను. "తమ్మీ, నీ వెనక ఫ్యాను తిరుగుతున్నది" అన్నాను. "నువ్వు గూడ జర కదులు."

మెల్లగా తమ్ముడి నోరు మూతపడింది. రెప్పలు ఆడాయి. చెమట పట్టిన మొహాన్ని భుజానికి తుడుచుకున్నాడు. ఆ చిన్న తెరలో వాడు ముందు నన్ను కాదు, నా వెనక కింద కూర్చున్న బిడ్డను చూశాడని నాకు అర్థమైంది.

"కాక" అన్నాడు. "మా వాటా మా బిడ్డకే రాయి. నేనింక సావలేదు."

ఆ ఒక్క మాట మొదట్లోనే అని ఉంటే అంతమందీ పత్తి ఏరుకునేవాళ్ళు. సరే, అన్నాడు కదా. రాయమల్లు ఏదో మింగుతున్నట్టు, సగం సృజనకు, సగం సదానందం కొడుకులకు అని పలికాడు. పలికినట్టు వినబడకూడదని ఆయన కోరిక. నేను మళ్ళీ ఒకసారి గట్టిగా చెప్పించాను.

సృజన లేచి, బ్యాగులోంచి వైరు తీసి డబ్బాకు పెట్టింది. తన సగం ఖాళీ అయ్యేదాకా కొత్త క్రికెట్‌నూ, కార్లనూ తీసేసింది. ఎవరిది తీస్తున్నదీ ముందే చెప్పి మరీ తీసింది, అన్న చేసినట్టు దొంగతనంగా కాదు. ఫుట్‌బాల్ దిగడం మొదలైంది. టీవీ మీద సున్నా దగ్గర ఒక గీత కదిలింది. ఆ పిల్ల దాని ముందు మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఆ గదిలో ఇంకెవరూ లేనట్టే ఉంది ఆమెకు.

మిగిలిన సగంలో యుద్ధం పడితే కార్లు పట్టవు, కార్లు పడితే యుద్ధం పట్టదు. సాగర్, లక్ష్మణ్ ఆ సంగతి లెక్క చూసుకునేలోపే ఒకరి కాలర్ ఒకరు పట్టుకున్నారు. తలంబ్రాల దగ్గర నిలబడాల్సిన అన్నలు, కష్టమొస్తే ఉరికి రావాల్సిన అన్నలు, అవ్వ మంచం కోడు దగ్గర దొర్లుతుంటే వదిన ఇద్దరినీ చెరొక చెంపా వాయించింది. "గిప్పుడెవలు సచ్చిండ్రు?" అని అడిగింది అవ్వ. ఎవరూ చావలేదని చెప్పి ఆమె కళ్ళలో మందు వేశాను.

రాయమల్లు చాయ్ ముట్టకుండా లేచాడు. మా అన్న ఆయన వెంట వాకిట్లోకి నడిచాడు. నేను గ్లాసులు కడగడానికి పళ్ళెం తీసుకుని వాళ్ళ వెనకే బయటికి వచ్చాను. "ఆడపిల్లలకు గీ అలవాటు వడితె ఊర్ల ఒక్క ఇల్లు నిలువది సదానందం" అంటున్నాడు రాయమల్లు. నా అడుగుల చప్పుడు విని ఆగిపోయాడు.

మా అన్న వెనక్కి తిరిగాడు. ఇందాక నన్ను సుట్టపుదానివి అన్న మనిషి, ఇప్పుడు నా చేతిలోంచి పళ్ళెం అందుకోబోయాడు. మా అన్న ఒకరి చేతిలో బరువు అందుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. కళ్ళలో బెదురు కూడా అంతే కొత్తగా ఉంది. ఆ బెదురు డబ్బాలో జాగ గురించి కాదని నాకు అప్పుడు తెలిసింది.

"సూసినవా చెల్లె, గిప్పటి పిల్లలు" అన్నాడు మెత్తగా. "నిన్ను అడిగిన్నాడు నువ్వు ఎంత మర్యాదగ జెప్పినవ్. ఊరంత మెచ్చుకున్నది."

"నన్ను గిప్పుడడుగు అన్నా" అన్నాను.

అన్న అడగలేదు. రాయమల్లు వంగి, ఎదురుగా ఉన్న చెప్పుల కోసమే వెతుక్కుంటున్నాడు.